కౌంట్

మార్చి వచ్చిందంటే
ముత్తుకూరు దారిలో గుంటలకు నీళ్లు పెడతా ఉంటారు,
నేను కంపెనీలకు ఉత్తరాలు పెడతా ఉంటా.
అయ్యా, పోయిన సంవత్సరం మా పిల్లకాయలు
మీ పత్రికలు ఎన్నిసార్లు తెరిచారో చెప్పండి.
డబ్బు కట్టింది మేము, చదివింది మేము,
లెక్క మాత్రం మీ దగ్గరుంది.

ఒకరు మూడు రోజుల్లో పంపారు, నెలనెలకూ గళ్లు కట్టి.
ఒకరు మీ పాస్‌వర్డ్ మురిగిపోయిందన్నారు.
ఒకరు జూలై నించి జూన్‌కి పంపారు,
వాళ్ల సంవత్సరం అక్కడ మొదలవుతుందంట.
ఇంకొకరు మొత్తానికి ఒకే ఒక్క అంకె,
పెళ్లి వంటాయన చెయ్యి తుడుచుకుంటా
"ఓ ఐదొందల మంది తినుంటారు సార్" అన్నట్టు.

ఈ కంపెనీకి పేజీ తెరిస్తే ఒకటి, పీడీఎఫ్ దించితే ఇంకొకటి.
ఒక వ్యాసం, ఒక మనిషి, రెండు చదువులు.
ఆ కంపెనీకి అర నిమిషంలో ఎన్నిసార్లు నొక్కినా ఒకటే.
కరెంటు పోయి వచ్చే సాయంత్రాల్లో
హాస్టల్లో ఖాజావలి ఒకే వ్యాసాన్ని తొమ్మిదిసార్లు నొక్కుతాడు.
ఒకచోట తొమ్మిది మంది పండితులు,
ఒకచోట ఒక్కడు.
నిజానికి ఆ వ్యాసం తెరుచుకోనే లేదు.

రొయ్యకి ఈ గొడవ లేదు.
గట్టు మీద వల దులిపి, కాటాలో కేజీ తూచి,
ఎన్నొచ్చాయో లెక్కబెడతారు.
ముప్పై వస్తే ముప్పై కౌంట్, నలభై వస్తే నలభై.
ధర మీద ఎంత తన్నుకున్నా
కేజీ అందరికీ కేజీయే.
నాకొచ్చిన ప్రతి లెక్కా
తన కేజీని తనే సంచిలో వేసుకొచ్చింది.

పెంచలమ్మ రిటైరయ్యేదాకా లెక్క ఆమెది.
పొద్దుగూకాక బల్లల మీద వదిలేసిన పత్రికలు ఏరి
ఒక్కోదానికి నోటుబుక్కులో ఒక గీత,
ఐదోది అడ్డం.
తల కింద పెట్టుకుని నిద్రపోయినదానికి గీసేది కాదు.
నీకెట్టా తెలుసు పెంచలమ్మా అంటే
"అట్ట మీద చొంగ ఉండాది కదమ్మా" అనేది.
ఇప్పటి అంకెల మీద
చొంగ కనపడదు.

రేపు కమిటీ. వాళ్లకి ఒకటే కావాలి:
ఒక్క చదువుకు ఎంత పడింది?
కట్టిన సొమ్ము పైన, తెరిచిన సంఖ్య కింద.
చేపల మేత పత్రికకి నలభై రెండు రూపాయలు. ఉంటుంది.
రొయ్య పేగుల జబ్బుల మీద వచ్చే ఆ సన్న పత్రిక,
ఏడాది మొత్తానికి పదకొండు.
చదువుకు ఆరువేల మూడొందలు.
గడి దానంతట అదే ఎర్రబడింది.

పదకొండులో ఒకటి నాకు తెలుసు.
ఆగస్టులో కోడూరు నించి మాల్యాద్రి అనే ఆయన
హార్లిక్స్ సీసాలో నాలుగు పాలిపోయిన రొయ్యలతో వచ్చాడు.
సార్లు ఎవరూ లేరు. పీజీ పిల్ల కరీమున్నీసా
ఆ వ్యాసం దించి, రెండో పట్టిక తెలుగులో
పరీక్ష కాగితం వెనక రాసిచ్చింది.
దాని ఫోటో ఎన్ని ఫోన్లలోకి పోయిందో
ఎన్ని షెడ్లలో మేత బస్తాల మీద పరిచి చూశారో
కంపెనీకి తెలీదు.
ఆయన చెరువు నిలిచిందో లేదో
నాకూ తెలీదు, మళ్లీ రాలేదు.

రిమార్కుల గడి ఇంత ఉంది, బొటనవేలంత.
"ఉంచవచ్చు" అని కొట్టి, చెరిపి
"ఉంచాలి" అని కొట్టా.
రొయ్యలకైతే కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుందండీ
అని రేపు అంటే నవ్వుతారు.
నవ్వనీ.

ఏడైంది. తాళాలు చేతిలో పెట్టుకుని
అసలు దాంట్లో ఏముందా అని
ఆ వ్యాసం నేనే తెరిచా.
సగం అర్థం కాలేదు.
చివర కృతజ్ఞతల్లో, ప్రొఫెసర్లందరి తర్వాత,
ఏదో దేశపు చెరువు కాపలాదారు పేరుంది.
ఇంటిపేరు లేదు.

దీన్ని పన్నెండోది అనలేను, ఏడు మారింది.
వచ్చే మార్చి లెక్కలో వస్తుంది,
వచ్చే మార్చికి
ఆ వరస ఉంటే.